ఖాళీ గ్యాలరీల కెప్టెన్

2020 కార్తీకంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. ఏటా పంచమి తీర్థానికి ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చే ఊళ్లో, నవంబరు 19న అమ్మవారి చక్రస్నానాన్ని ఆలయం లోపలే కానిచ్చారు. మర్నాడే గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ మొదలైంది. అక్కడా జనానికి ప్రవేశం లేదు. కరోనా కాలం అది. ఆటగాళ్లంతా హోటల్ గదికీ మైదానానికీ మధ్యే బతకాలి.

నవంబరు 23 రాత్రి, బాంబోలిమ్ మైదానం. హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు చొక్కాలో, చేతికి కెప్టెన్ పట్టీతో దిగాడు 33 ఏళ్ల అరిదానే సాంతానా. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులవాడు. టెనెరిఫె, కార్తహేనా లాంటి క్లబ్బుల చొక్కాలు వేసి, 2019లో ఒడిశా ఎఫ్‌సీకి వచ్చాడు. పెద్ద క్లబ్బుల వెలుగు సోకని వందలాది స్పెయిన్ స్ట్రైకర్లలో ఒకడు. ఒప్పందం ఎక్కడుంటే ఊరు అక్కడే. భుజాన సంచి, కాళ్లలో గోల్స్.

ఆ రాత్రి ఎదురుగా ఉన్నది ఒడిశానే. పది నెలల కిందట హైదరాబాద్ సొంత మైదానమైన గచ్చిబౌలిలో ఆ జట్టు మీద ఒడిశా గెలిచినప్పుడు గోల్ కొట్టిన వాళ్లలో ఇతనూ ఉన్నాడు. ఇప్పుడు చొక్కా మారింది. మొదటి సగంలో ప్రత్యర్థి చేతికి బంతి తగిలి పెనాల్టీ వచ్చింది. అరిదానే కొట్టాడు. 1-0. ఆ ఒక్క గోల్‌తోనే హైదరాబాద్ గెలిచింది. ముందటేడు పట్టికలో అట్టడుగున పడి ఉన్న జట్టది. కోచ్‌గా రావలసిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలుపుతో వెళ్లిపోతే, ఆఖర్లో మనోలో మార్కెజ్ వచ్చాడు. అలాంటి జట్టుకు ఆ గెలుపు ఊపిరి పోసింది.

డిసెంబరు 15, ఈస్ట్ బెంగాల్‌తో మ్యాచ్. నాకు ఈ కథంతా ఆ ఒక్క రాత్రిలోనే కనిపిస్తుంది. 26వ నిమిషంలో మఘోమా గోల్‌తో ప్రత్యర్థి ముందంజ. విరామానికి ముందు హైదరాబాద్‌కు పెనాల్టీ. కెప్టెన్ కొట్టాడు, గోల్‌కీపర్ దేబ్‌జిత్ మజుందార్ ఆపేశాడు. పెనాల్టీ పోగొట్టుకున్న స్ట్రైకర్‌కు విరామంలో దిగే బరువు ఎంతటిదో బంతాట ఆడినవాడికి చెప్పనక్కర్లేదు. పేరు పెట్టి అరిచి, వెన్ను తట్టే అభిమాని ఒక్కడూ గ్యాలరీలో లేడు. 56వ నిమిషంలో అరిదానే గోల్ కొట్టాడు. మైదానం తేరుకునేలోపే, అదే నిమిషంలో ఇంకోటి! చివరికి హైదరాబాద్ 3-2తో గెలిచింది. ఇలాంటి రాత్రి గచ్చిబౌలిలో జరిగి ఉంటే ఇవాళ్టికీ ఆ ఊళ్లో పిల్లలు అతని పేరు చెప్పుకునేవారు. ఆ న్యాయం అతనికి జరగలేదు.

ఫిబ్రవరి 12న అదే ఈస్ట్ బెంగాల్ మీద ఇంజురీ టైమ్‌లో స్కోరు సమం చేసింది అతనే. పదిరోజుల తర్వాత మోహన్ బగాన్‌తో ఆడుతూ, ఐదో నిమిషంలోనే హైదరాబాద్ డిఫెండర్ చింగ్లెన్‌సానా రెడ్ కార్డుతో బయటికి పోయాడు. పదిమందే మిగిలిన జట్టుకు మూడు నిమిషాల్లోనే అరిదానే గోల్ తెచ్చాడు. అది 2-2తో ముగిసింది.

ఫిబ్రవరి 28న గోవాను ఓడిస్తే ప్లేఆఫ్స్. తొంభై నిమిషాలు తన్నుకున్నా ఒక్క గోల్ పడలేదు. గోవాకు 31 పాయింట్లు, హైదరాబాద్‌కు 29. ఐదో స్థానం. అరిదానే లెక్కలో పది గోల్స్ ఉన్నాయి. హైదరాబాద్ చొక్కాతో సొంత మైదానంలో కొట్టినది ఒక్కటీ లేదు. మరుసటి సీజన్‌కు అతను జట్టులో లేడు. ముందువరసకు నైజీరియా వీరుడు ఒగ్బెచే, మరో స్పెయిన్ కుర్రాడు హావియెర్ సివేరియో వచ్చారు.

2022 మార్చి 20న ఫతోర్దాలో, ఈసారి జనం మధ్య, హైదరాబాద్ పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి కప్పు ఎత్తింది. మూడు షాట్లు ఆపిన గోల్‌కీపర్ కట్టిమణి పేరు అందరికీ తెలుసు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, చింగ్లెన్‌సానా, యాసిర్, నర్జారీ కూడా ఆ కప్పు విజేతలే. వీళ్లంతా ముందటేడు, ఆ ఖాళీ మైదానాల్లో, అరిదానే కెప్టెన్సీలో ఆడినవాళ్లు. కప్పు కథ రాసేవాళ్లు ఆ ఏడాది నుంచే మొదలుపెట్టాలి.