ధ్యానం, ఆత్మవిచారణ, సైకెడెలిక్ పదార్థాలు: ఒక చారిత్రక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మన ఆధ్యాత్మిక సంప్రదాయాల్లో మూలికలకు, మత్తు పదార్థాలకు ఉన్న స్థానాన్ని ఆధారాలతో వివరించగలుగుతారు.
• 20వ శతాబ్దంలో సైకెడెలిక్ పదార్థాలు ధ్యానంతో ముడిపడిన క్రమాన్ని తెలుసుకుంటారు.
• తెలుగు నేలతో సంబంధమున్న ఆధ్యాత్మికవేత్తలు ఈ విషయంపై తీసుకున్న వైఖరిని చర్చించగలుగుతారు.
• ఒక అనుభవ కథనాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరీక్షించాలో గ్రహిస్తారు.

7.1 విషయ పరిచయం

సంగారెడ్డి పట్టణానికి దగ్గరలో కొండాపూర్ అనే ఊరుంది. అక్కడి పాటిదిబ్బను 1940ల తొలి సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. శాతవాహనుల కాలపు నాణేలు, పూసలు, మట్టిబొమ్మలతో పాటు బౌద్ధ కట్టడాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. అంటే సుమారు 2,000 సంవత్సరాల కిందటే ఈ ప్రాంతంలో బౌద్ధం నిలదొక్కుకుంది. బౌద్ధ గృహస్థులు పాటించవలసిన పంచశీలాల్లో ఐదవది, మనసును ఏమరుపాటులో పడవేసే మత్తుకు దూరంగా ఉండడం.

కొండాపూర్ నుంచి పటాన్‌చెరు వైపు వస్తే దృశ్యం మారిపోతుంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్లో బల్క్ డ్రగ్ కర్మాగారాలు కనిపిస్తాయి. 1960లలో సోవియట్ సహకారంతో హైదరాబాదులో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఈ ప్రాంతానికి రసాయన నిపుణులను అందించింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు మీద కాక తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇవ్వడంతో ఔషధ పరిశ్రమ వేగంగా పెరిగింది. దాని మూల్యాన్ని నక్కవాగు, మంజీర పరీవాహక గ్రామాలు కాలుష్యం రూపంలో చెల్లించాయి.

మీలో కొందరు ఆ కర్మాగారాల్లో షిఫ్టు ముగించుకొని వచ్చి ఈ పాఠం చదువుతుండవచ్చు. మనసును మార్చే మందు, మనసును పరిశీలించే సాధన అనే రెండింటి మధ్య సంబంధం మీకు దూరపు విషయం కాదు. "మన ఋషులు కూడా తీసుకున్నారు కదా" అనే మాట నేడు యువతలో తరచుగా వినిపిస్తోంది. ఆ మాటలో నిజమెంతో చరిత్ర విద్యార్థిగా మీరు పరీక్షించాలి.

7.2 పదాల స్పష్టత

'సైకెడెలిక్' అనే పదాన్ని 1950లలో హంఫ్రీ ఆస్మండ్ అనే మనోవైద్యుడు రూపొందించాడు. గ్రీకు మూలాలను బట్టి 'మనసును వ్యక్తం చేసేది' అని దాని అర్థం. ఎల్.ఎస్.డి., కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్, పెయోటీ అనే జెముడు జాతి మొక్కలోని మెస్కలిన్ ఈ వర్గానికి చెందుతాయి. ఇవి ఇంద్రియ జ్ఞానాన్ని, కాలస్పృహను, 'నేను' అనే భావాన్ని తాత్కాలికంగా మార్చివేస్తాయి.

ఆల్ప్రజోలం, డైజిపాం వంటివి ఇందుకు భిన్నమైనవి. ఇవి మెదడు చురుకుదనాన్ని తగ్గించి నిద్రను, మాంద్యాన్ని కలిగిస్తాయి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఇటువంటి పదార్థాలనే. ఆల్ప్రజోలాన్ని అక్రమంగా తయారుచేసిన కేసులు సంగారెడ్డి ప్రాంతంలో కూడా నమోదయ్యాయి. గంజాయిని ఈ రెండు వర్గాల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడ్చలేం. అన్నింటినీ 'మత్తు' అనే ఒకే మాట కింద చేర్చితే చరిత్ర అర్థం కాదు. ఒకదాని గురించి రుజువైన విషయాన్ని మరొకదానికి అంటగట్టే పొరపాటు జరుగుతుంది.

7.3 ప్రాచీన ఆధారాలు

'ఋషులు తీసుకున్నారు' అనేవారు మొదట చూపేది సోమాన్ని. ఋగ్వేదం తొమ్మిదవ మండలం దాదాపు పూర్తిగా సోమస్తుతే. సోమలతను దంచి, రసాన్ని ఉన్నితో వడగట్టి, పాలతో కలిపేవారని ఆ సూక్తాల ద్వారా తెలుస్తుంది. అయితే ఆ మొక్క ఏదో నేటికీ తేలలేదు. అది ఎర్రని టోపీ గల ఒక పుట్టగొడుగు అని 1968లో గోర్డన్ వాసన్ వాదించాడు. ఎఫెడ్రా జాతి మొక్క అని మరికొందరు పండితుల అభిప్రాయం. ఎఫెడ్రా ఉత్తేజకమే కాని సైకెడెలిక్ కాదు. సోమం దొరకనప్పుడు వాడదగిన ప్రత్యామ్నాయ మొక్కలను బ్రాహ్మణ గ్రంథాలే పేర్కొన్నాయి. మొక్క మారినా యజ్ఞం కొనసాగిందంటే, ఆ కాలానికి కర్మకాండ విలువ మొక్క ప్రభావం మీద ఆధారపడి లేదని భావించవచ్చు.

రెండవ ఆధారం పతంజలి యోగసూత్రాలు. కైవల్యపాదం మొదటి సూత్రం సిద్ధులు కలిగే ఐదు మార్గాలను చెబుతుంది. జన్మ, ఔషధి, మంత్రం, తపస్సు, సమాధి అనేవి ఆ ఐదు. కాబట్టి ఔషధి ప్రస్తావన ఉన్నమాట వాస్తవం. కాని అదే గ్రంథం విభూతిపాదంలో సిద్ధులు సమాధికి అడ్డంకులని హెచ్చరిస్తుంది. ఔషధి సిద్ధిని అసురుల నివాసాల్లోని రసాయనాలతో వ్యాసభాష్యం ముడిపెట్టింది. ఔషధి వల్ల అసాధారణ స్థితి కలుగుతుందని ఒప్పుకొంటూనే, దాన్ని కైవల్యంగా ఆ సంప్రదాయం లెక్కించలేదన్నమాట.

మూడవది గంజాయి. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో నియమించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ దాదాపు 1,200 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. సాధువులు, ఫకీరులు గంజాయి వాడడం, శివారాధనతో దానికి ఉన్న సంబంధం అందులో నమోదయ్యాయి. మితమైన వాడకం వల్ల చెప్పుకోదగ్గ హాని లేదని భావించిన కమిషన్, పూర్తి నిషేధాన్ని సిఫారసు చేయలేదు. అయితే ఈ నివేదికను చదివేటప్పుడు గంజాయి మీద ప్రభుత్వానికి వచ్చే ఎక్సైజు ఆదాయాన్ని కూడా గుర్తుంచుకోవాలి. సాధువులు వాడారనేది ఒక సామాజిక వాస్తవం. దానివల్లనే జ్ఞానం పొందారనేది వేరొక వాదన. మొదటిదానికి ఆధారం ఉన్నంత మాత్రాన రెండవది రుజువు కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. సోమలత గుర్తింపుపై ఉన్న రెండు అభిప్రాయాలను పేర్కొనండి.
2. యోగసూత్రాల్లో ఔషధి ప్రస్తావనను ఎలా అర్థం చేసుకోవాలి?

7.4 ప్రయోగశాల నుంచి ప్రార్థనా మందిరం వరకు

1938లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సాండోజ్ అనే ఔషధ సంస్థకు చెందిన రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్.ఎస్.డి.ని తయారుచేశాడు. మనసుపై దాని ప్రభావం 1943లో బయటపడింది. ఈ కథ మొదలైంది ఆశ్రమంలో కాదు, మందుల కంపెనీ ప్రయోగశాలలో.

1953లో ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ మెస్కలిన్ తీసుకొని, ఆ అనుభవాన్ని 1954లో 'ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్' పేరుతో ప్రచురించాడు. 1962 గుడ్ ఫ్రైడే రోజున బోస్టన్‌లో వాల్టర్ పాంకీ 20 మంది వేదాంత విద్యార్థులపై ఒక ప్రయోగం చేశాడు. ప్రార్థనకు ముందు సగం మందికి సైలోసైబిన్, మిగిలినవారికి నికోటినిక్ ఆమ్లం ఇచ్చారు. సైలోసైబిన్ తీసుకున్నవారిలో ఎక్కువమంది గాఢమైన ఆధ్యాత్మిక అనుభూతిని చెప్పారు. కాని ఒక విద్యార్థి తీవ్రంగా కలవరపడగా అతనికి మత్తుమందు ఇంజెక్షన్ ఇవ్వవలసి వచ్చింది. ఆ విషయం మొదటి నివేదికలో లేదు. 1991లో రిక్ డోబ్లిన్ ప్రచురించిన పునఃపరిశీలనలో అది వెలుగుచూసింది. ఒక ఆధారం చెప్పినదాన్నే కాదు, చెప్పకుండా వదిలినదాన్ని కూడా వెదకాలని దీని నుంచి మీరు గ్రహించాలి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1963లో తొలగించిన రిచర్డ్ ఆల్పర్ట్ 1967లో భారతదేశానికి వచ్చి, నీమ్ కరోలీ బాబా శిష్యుడై, రామ్‌దాస్‌గా మారాడు. తాను ఇచ్చిన ఎల్.ఎస్.డి. బాబాపై ఏ ప్రభావమూ చూపలేదని ఆయన చెప్పిన కథ ప్రపంచమంతా వ్యాపించింది. ఈ కథ ప్రధానంగా శిష్యుడి కథనం మీదనే నిలబడి ఉంది. దాన్ని రుజువుగా కాక, ఆ తరం అన్వేషకుల మనోభావాలకు సాక్ష్యంగా తీసుకోవడం సమంజసం. ఆల్పర్ట్ తరువాతి జీవితంలో ప్రధానంగా నిలిచినవి భక్తి, ధ్యానం, సేవ అని కూడా గమనించండి.

7.5 తెలుగు నేలతో ముడిపడిన మూడు సమాధానాలు

మొదటిది జిడ్డు కృష్ణమూర్తి సమాధానం. 1895లో మదనపల్లెలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయనకు హక్స్‌లీ సన్నిహిత మిత్రుడు. కృష్ణమూర్తి గ్రంథం 'ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్'కు ముందుమాట రాసింది హక్స్‌లీయే. ఆ గ్రంథం వెలువడింది కూడా 1954లోనే. ఒకే ఏడాది ఒకే రచయిత ఒకవైపు మెస్కలిన్ అనుభవాన్ని వర్ణించాడు, మరొకవైపు ఏ సాధనాన్నీ ఆశ్రయించని పరిశీలనకు పీఠిక రాశాడు. కృష్ణమూర్తి మాత్రం 1960ల ప్రసంగాల్లో మాదక పదార్థాల మార్గాన్ని స్పష్టంగా తిరస్కరించాడు. మనసు కోరుకున్న అనుభవం ఆ మనసు సంస్కారాల నుంచే పుడుతుందని, అనుభవాల కోసం వెంపర్లాడడమే బంధమని ఆయన వాదన సారాంశం.

రెండవది మెహెర్ బాబా సమాధానం. 1951లో ఆయన హైదరాబాదు శివార్లలోని ఖాజాగూడ కొండల్లో ఏకాంతంలో గడిపాడు. 1953, 1954 సంవత్సరాల్లో ఆంధ్ర ప్రాంతంలో పర్యటించాడు. ఈనాటికీ ఆయనకు తెలుగువారిలో అనేకమంది భక్తులున్నారు. ఎల్.ఎస్.డి. గురించి అమెరికన్ యువకులు అడిగిన ప్రశ్నలకు ఆయన ఇచ్చిన సమాధానాలు 1966లో చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. మాత్రతో దైవాన్ని పొందలేరని, అటువంటి వాడకం శరీరానికి, మనసుకు, ఆధ్యాత్మికతకు హానికరమని ఆయన అభిప్రాయం.

మూడవది రమణ మహర్షి జీవితం. 1907లో ఆయనకు ఆ పేరు పెట్టినవాడు ఉత్తరాంధ్రకు చెందిన కావ్యకంఠ గణపతి ముని. 1896లో మదురైలో, పదహారేళ్ళ వయసులో, రమణులు మరణభయాన్ని ఎదుర్కొంటూ 'చనిపోయేది ఎవరు' అని తనలోకి చూసుకున్నారు. ఏ మందూ లేని సంఘటన అది. ఆయన బోధించిన ఆత్మవిచారణ 'నాకేమి అనుభవం కలిగింది' అని అడగదు. 'ఈ అనుభవం కలిగింది ఎవరికి' అని అడుగుతుంది. వచ్చిపోయే స్థితి ఎంత అద్భుతమైనదైనా ఈ ప్రశ్న ముందు మరొక దృశ్యమే అవుతుంది. మందు మార్చేది దృశ్యాన్ని. విచారణ వెదికేది ద్రష్టను.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. 1962 ప్రయోగం చరిత్ర విద్యార్థికి నేర్పే పాఠం ఏమిటి?
2. కృష్ణమూర్తి, మెహెర్ బాబాల వాదనల్లోని తేడాను గుర్తించండి.

7.6 వర్తమాన పరిశోధన, చట్టం

ఈ మూడు సమాధానాలతో చర్చ ముగిసిపోలేదు. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మందిపై చేసిన అధ్యయనంలో ఎక్కువమంది సైలోసైబిన్ అనుభవాన్ని తమ జీవితంలోని అత్యంత అర్థవంతమైన వాటిలో ఒకటిగా చెప్పారు. అదే అధ్యయనంలో సుమారు మూడోవంతు మందికి తీవ్రమైన భయం కలిగింది. 2019లో జ్యూరిక్ పరిశోధకులు, ఐదు రోజుల ధ్యాన శిబిరంలో పాల్గొన్న 39 మంది అనుభవజ్ఞులైన ధ్యానులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. సైలోసైబిన్ తీసుకున్నవారిలో ధ్యానపు లోతు పెరిగిందని, కొన్ని మంచి మార్పులు నాలుగు నెలల తరువాత కూడా కనిపించాయని అందులో తేలింది.

ఈ ఫలితాలను తోసిపుచ్చలేం. కాని వాటి షరతులను కూడా చదవాలి. అక్కడ మానసిక రుగ్మతల చరిత్ర ఉన్నవారిని ముందే వడపోశారు. మందు స్వచ్ఛత, మోతాదు తెలుసు. పక్కన వైద్యులున్నారు. బ్యాచ్ నంబరు లేని సరుకును మీ కర్మాగారం గేటు దాటనివ్వరు. వీధిలో చేతులు మారే పొట్లానికి బ్యాచ్ నంబరు ఉండదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం ఎల్.ఎస్.డి., సైలోసైబిన్, మెస్కలిన్ నియంత్రిత పదార్థాలు. ఎల్.ఎస్.డి. విషయంలో 0.1 గ్రాము వాణిజ్య పరిమాణంగా లెక్కకు వస్తుంది. వాణిజ్య పరిమాణానికి కనీస శిక్ష 10 సంవత్సరాల కఠిన కారాగారం. ఆధ్యాత్మిక ఉద్దేశం ఉందన్న కారణంతో మినహాయింపు లేదు. పూతలు, కాయలు లేని ఆకులు మాత్రం చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రావు. అనేక రాష్ట్రాల్లో భంగు వేరే నిబంధనల కింద కొనసాగడానికి కారణం ఇదే.

7.7 సారాంశం

మన ప్రాచీన గ్రంథాల్లో ఔషధి ప్రస్తావన ఉంది. సాధువుల్లో గంజాయి వాడకమూ ఉంది. వాటిని దాచనవసరం లేదు. అయితే వాటిని ముక్తికి మార్గంగా ప్రధాన యోగ సంప్రదాయం అంగీకరించలేదు. 20వ శతాబ్దపు సైకెడెలిక్ ఆధ్యాత్మికత ఎక్కువగా పాశ్చాత్య ప్రయోగశాలల్లో పుట్టి, తరువాత భారతదేశపు భాషను, వేషాన్ని ధరించింది. దాన్ని 'ఋషుల వారసత్వం' అనడం కాలక్రమాన్ని తారుమారు చేయడమే.

పటాన్‌చెరు పరిసరాల్లో రాత్రి షిఫ్టు తరువాత కల్తీ కల్లు తాగే కార్మికుడు జ్ఞానాన్ని వెదకడం లేదు, కాస్త నిద్రను వెదుకుతున్నాడు. ఆ అవసరం నిజమైనది. దాన్ని నేరంగానో, వైరాగ్యంగానో చూడడం సులభం. ఆ అలసట ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం కష్టం. బాధ నుంచి తప్పించుకోవడం, బాధను పరిశీలించడం అనే రెండూ వేర్వేరు. కొండాపూర్ దిబ్బ నుంచి నేటి పారిశ్రామికవాడ వరకు ఈ నేలలో మనిషి ముందున్న ప్రశ్న ఇదే. ఈసారి ఎవరైనా 'పూర్వులు కూడా తీసుకున్నారు' అన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఏది తీసుకున్నారు? ఆ మాట ఎవరు రాశారు? ఆ తరువాత వారి జీవితంలో ఏమి మిగిలింది?

7.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. భారతీయ ఆధ్యాత్మిక సంప్రదాయాల్లో ఔషధి స్థానాన్ని ఆధారాలతో చర్చించండి.
2. ఆత్మవిచారణ దృష్టితో సైకెడెలిక్ అనుభవాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్.
2. మీ ఊరిలో మత్తు పదార్థాల వాడకం గత రెండు తరాల్లో ఎలా మారిందో పెద్దలను అడిగి తెలుసుకొని, ఎవరి పేర్లూ పేర్కొనకుండా రాయండి.