నైట్రోబెంజైల్‌థయోఇనోసిన్

నైట్రోబెంజైల్‌థయోఇనోసిన్ అనేది కణాల్లోకి న్యూక్లియోసైడ్ల రాకపోకలను ఆపే కృత్రిమ రసాయనం. ప్రయోగశాలల్లో దీన్ని ఎన్‌బీఎంపీఆర్ అనీ, ఎన్‌బీటీఐ అనీ పొడి అక్షరాల్లో పిలుస్తారు. అణు ఫార్ములా సీ17హెచ్17ఎన్5ఓ6ఎస్, అణుభారం 419.4. మనిషి కణాల్లోని ఈఎన్‌టీ1 అనే రవాణా ప్రోటీన్‌ను ఇది నానోమోలార్ గాఢతలోనే, అంటే లీటరు ద్రావణంలో అర మైక్రోగ్రాము కూడా లేని మోతాదులోనే పట్టేసుకుంటుంది. రోగులకు ఇచ్చే మందుగా దీనికి ఎన్నడూ అనుమతి రాలేదు. అయినా న్యూక్లియోసైడ్లు కణంలోకి ఎలా చేరతాయన్న విషయంలో ఈనాడు తెలిసినదాంట్లో పెద్ద భాగం దీన్ని వాడి రాబట్టినదే.

ఎందుకు ఆపాలి?

ఎడినోసిన్, ఇనోసిన్, యూరిడిన్, థైమిడిన్ వంటివి న్యూక్లియోసైడ్లు. ఒక నత్రజని క్షారానికి ఒక చక్కెర అణువు తగులుకుంటే న్యూక్లియోసైడ్ అవుతుంది. దానికి ఫాస్ఫేట్లు చేరితే డీఎన్‌ఏకూ, ఆర్‌ఎన్‌ఏకూ, ఏటీపీకీ ముడిసరుకు. వీటిని కణం రెండు దారుల్లో సంపాదించుకుంటుంది. చిన్న అణువులను ఒక్కొక్కటిగా కూర్చి సొంతంగా తయారు చేసుకోవడం మొదటిది. ఇందులో శక్తి ఖర్చు ఎక్కువ. బయట తయారుగా ఉన్నవాటిని లోపలికి తెచ్చుకుని వాడుకోవడం రెండోది. ఎముక మజ్జ కణాలు, పేగు లోపలి పొర కణాలు, మెదడు కణాలు ఈ రెండో దారి మీద బాగా ఆధారపడతాయి.

చిక్కల్లా ఏమిటంటే న్యూక్లియోసైడ్లు నీటిలో కరిగే రకం, కణత్వచం కొవ్వుతో చేసినది. త్వచంలో ఇమిడి ఉన్న రవాణా ప్రోటీన్లు చేయి అందిస్తే తప్ప అవి చాలినంత వేగంగా దాటలేవు. ఈ ప్రోటీన్లలో రెండు కుటుంబాలున్నాయి. సీఎన్‌టీలు సోడియం అయాన్ల ప్రవాహాన్ని ఆసరాగా తీసుకుని న్యూక్లియోసైడ్లను లోపలికి తోడిపోస్తాయి. ఈఎన్‌టీలకు అలాంటి ఆసరా లేదు. గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు, ఎటు నుంచి ఎటైనా దాటిస్తాయి. ఎన్‌బీఎంపీఆర్ ఆపేది ఈ రెండో కుటుంబంలో మొదటి సభ్యుణ్ణి. సీఎన్‌టీల జోలికి ఇది పోదు.

పుట్టుక

దీని వంశవృక్షం క్యాన్సర్ మందుల దగ్గర మొదలవుతుంది. అమెరికాలో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ కలిసి 6-మెర్‌కాప్టోప్యూరిన్‌ను తయారు చేశారు. పిల్లల ల్యుకేమియా చికిత్సలో అది ఇప్పటికీ వాడుకలో ఉన్న మందు. ఆ కృషికి 1988లో వారిద్దరూ నోబెల్ బహుమతిలో భాగం పంచుకున్నారు. ప్యూరిన్ వలయంలో ఆరో స్థానంలో ఆక్సిజన్ బదులు గంధకం పెట్టడం ఆ మందులోని కిటుకు. ఆ గంధకానికి ఇంకేమైనా తగిలిస్తే ఏమవుతుందోనని చూడటానికి తయారు చేసిన బంధు రసాయనాల్లో నైట్రోబెంజైల్ తోక ఉన్నవి వేరే దారి పట్టాయి.

కెనడాలో ఎడ్మంటన్‌లోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో అలన్ పాటర్సన్ బృందం ఈ దారిని గుర్తించింది. నైట్రోబెంజైల్‌థయోగ్వానోసిన్, దాని బంధువులు ఎర్ర రక్తకణాల్లోకి న్యూక్లియోసైడ్ల రవాణాను ఆపేస్తాయని పాటర్సన్, ఆలివర్ 1971లో ప్రచురించారు. ఆ తర్వాతి ఏళ్లలో పాటర్సన్, కరోల్ కాస్ చేసిన పనితో ఎన్‌బీఎంపీఆర్ ఈ రంగానికి కేంద్రంగా నిలబడింది.

ఎర్ర రక్తకణంలో లెక్క

తొలి ప్రయోగాలకు ఎర్ర రక్తకణాన్ని ఎంచుకోవడం తెలివైన పని. అందులో కేంద్రకం లేదు, డీఎన్‌ఏ తయారీ లేదు, రక్తం దొరకడం కష్టం కాదు. లోపలికి వెళ్లిన యూరిడిన్‌ను ఆ కణం దాదాపు ముట్టుకోదు కాబట్టి కొలిచేది అచ్చంగా రవాణానే. ఇబ్బందల్లా వేగంతోనే. కొన్ని సెకన్లలో లోపలి గాఢత, బయటి గాఢత సమానమయ్యే వైపు వెళ్లిపోతుంది. ఆ లోపే ఆపి కొలవాలి.

ఆపడానికి ఎన్‌బీఎంపీఆర్‌నే వాడారు. పరీక్ష నాళికలో రక్తకణాలకు రేడియోధార్మిక ట్రిషియం గుర్తున్న యూరిడిన్ కలుపుతారు. లెక్క ప్రకారం సెకన్లు గడవగానే చల్లని ఎన్‌బీఎంపీఆర్ ద్రావణాన్ని ఒక్కసారిగా గుమ్మరిస్తారు. లోపలికి వెళ్లినది లోపల, బయటున్నది బయట ఆగిపోతుంది. వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు ఒక నూనె పొర గుండా అడుగుకు దిగుతాయి. బయటి ద్రావణం నూనె పైనే ఉండిపోతుంది. అడుగున చేరిన కణాలను పగలగొట్టి రేడియోధార్మికతను లెక్కిస్తారు. ఈ రంగంలోని వేగాల పట్టికలెన్నో ఇలా నూనెలోంచి దిగిన కణాల నుంచి వచ్చినవే.

తర్వాత రసాయనానికే రేడియోధార్మిక గుర్తు తగిలించి, అది కణం మీద ఎన్ని చోట్ల అంటుకుంటుందో లెక్కపెట్టారు. మనిషి ఎర్ర రక్తకణం ఒక్కోదాని మీద సుమారు 10,000 చోట్లున్నాయని 1974లో తేలింది. త్వచంలోని ప్రోటీన్ అణువులను తలలెక్క పెట్టగలగడం ఆనాటికి చిన్న విషయం కాదు. పైగా అతినీలలోహిత కాంతి పడితే ఎన్‌బీఎంపీఆర్ తాను పట్టుకున్న ప్రోటీన్‌కు శాశ్వతంగా అతుక్కుపోతుంది. దాంతో ఆ ప్రోటీన్‌ను జెల్ మీద గుర్తుపట్టడం వీలైంది.

గొర్రెల రక్తం ఇంకో సాక్ష్యం ఇచ్చింది. కొన్ని గొర్రెల ఎర్ర రక్తకణాల్లోకి న్యూక్లియోసైడ్లు వెళ్తాయి, కొన్నింటిలోకి వెళ్లవు. ఇది వంశపారంపర్యంగా వచ్చే తేడా. వెళ్లని గొర్రెల కణాలకు ఎన్‌బీఎంపీఆర్ అంటుకునే చోట్లు కూడా లేవు. మందు పట్టుకుంటున్నది రవాణా ప్రోటీన్‌నే అనడానికి ఇంతకంటే సూటి రుజువు అప్పట్లో దొరికేది కాదు.

రసాయనం పెట్టిన పేర్లు

అన్ని కణాలూ దీనికి లొంగలేదు. కొన్ని రకాల కణాల్లో ఎంత కలిపినా రవాణాలో కొంత భాగం సాగుతూనే ఉండేది. అలా లొంగే రవాణాను ఈఎస్ అనీ, లొంగనిదాన్ని ఈఐ అనీ పరిశోధకులు పిలుచుకున్నారు. జన్యువులు చేతికి రాకముందే ప్రోటీన్లను రెండు వర్గాలుగా విడగొట్టింది ఒక నిరోధక రసాయనమే.

1997లో లీడ్స్‌లోని స్టీఫెన్ బాల్డ్విన్ బృందం, అల్బర్టాలోని జేమ్స్ యంగ్, కరోల్ కాస్ బృందాలు కలిసి మనిషి మావి నుంచి ఈఎస్ రవాణా ప్రోటీన్ జన్యువును వేరు చేశాయి. అదే ఈఎన్‌టీ1. దాని జన్యువు పేరు ఎస్‌ఎల్‌సీ29ఏ1. అందులో 456 అమైనో ఆమ్లాలున్నాయి. అది త్వచాన్ని 11 సార్లు అడ్డంగా దాటుతుంది. ఈఐ రకం వెనకున్నది ఈఎన్‌టీ2 అని వెంటనే తేలింది. ఈ రెండూ తోబుట్టువుల్లాంటివే అయినా ఎన్‌బీఎంపీఆర్ ఈఎన్‌టీ2ను ఆపాలంటే మైక్రోమోలార్ గాఢత, అంటే ఈఎన్‌టీ1కు సరిపోయేదానికి వందల, వేల రెట్లు కావాలి. ఈ తేడాలో పెద్ద వాటా ఒక్క అమైనో ఆమ్లానిది. ఈఎన్‌టీ1లో 154వ స్థానంలో గ్లైసిన్ ఉంటుంది. ఈఎన్‌టీ2లో ఆ చోట సెరిన్ ఉంది. ఈఎన్‌టీ1లోని గ్లైసిన్‌ను తీసి సెరిన్ పెడితే ఎన్‌బీఎంపీఆర్ పట్టు సడలిపోతుంది.

దీనికి కారణం 2019లో కంటికి కనిపించింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం ఈఎన్‌టీ1 స్ఫటిక నిర్మాణాన్ని రెండు నిరోధకాలతో విడివిడిగా ప్రకటించింది: ఒకటి డైలాజెప్, రెండోది ఎన్‌బీఎంపీఆర్. థయోఇనోసిన్ భాగం మామూలు న్యూక్లియోసైడ్ కూర్చునే చోటే కూర్చుంటుంది. నైట్రోబెంజైల్ తోక పక్కనున్న గుంటలోకి చొచ్చుకుపోతుంది. ఆ గుంట అంచున ఉన్నదే 154వ గ్లైసిన్. అక్కడ కాస్త పెద్ద అమైనో ఆమ్లం ఉంటే తోకకు చోటు చాలదు. ప్రోటీన్ బయటివైపు తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోయి, లోపలి వైపుకు తిరగలేకపోతుంది.

ఎడినోసిన్, కాఫీ, గుండె పరీక్ష

ఈఎన్‌టీ1ను ఆపితే శరీరంలో మొదట కనిపించే ఫలితం ఎడినోసిన్ పెరగడం. ఎడినోసిన్ కణాల మధ్య సంకేతం కూడా. రక్తంలో దాని ఆయుష్షు సెకన్లలోనే, ఎందుకంటే ఎర్ర రక్తకణాలూ, రక్తనాళాల గోడ కణాలూ దాన్ని గబగబా లోపలికి లాగేసుకుంటాయి. ఆ దారి మూస్తే అది బయటే నిలిచి గుండె రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రక్త ప్రసరణ ఆగి మళ్లీ మొదలైనప్పుడు గుండెకు జరిగే నష్టాన్ని తగ్గించవచ్చేమోనని ఎన్‌బీఎంపీఆర్‌ను కుక్కల గుండెల మీద పరీక్షించారు. కానీ ఇదే పని చేసే డైపిరిడమోల్ అప్పటికే వైద్యంలో స్థిరపడింది. ట్రెడ్‌మిల్ మీద నడవలేని రోగులకు గుండె రక్త ప్రసరణ పరీక్షలో నరం ద్వారా ఎక్కించే మందుల్లో అదొకటి. ఆ పరీక్షకు ముందు కాఫీ, టీ మానమని చెప్పడానికి కారణం కూడా ఎడినోసినే: కెఫీన్ ఎడినోసిన్ గ్రాహకాలను మూసేస్తుంది, పరీక్ష తప్పుగా వస్తుంది.

జంతువుల మీద పనిచేసేవారు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ర్యాట్ రకం ఎలుకల ఈఎన్‌టీ1 ఎన్‌బీఎంపీఆర్‌కు బాగా లొంగుతుంది, డైపిరిడమోల్‌కు పెద్దగా లొంగదు. మనిషి మందుతో ఎలుకలో వచ్చిన ఫలితాన్ని మనిషికి నేరుగా ఆపాదిస్తే బోల్తా పడతాం.

క్యాన్సర్ చికిత్సలో రెండు వైపుల పదును

మెథోట్రెక్సేట్ వంటి ఫోలిక్ ఆమ్ల విరోధులు కణం సొంతంగా న్యూక్లియోటైడ్లు తయారు చేసుకునే దారిని మూస్తాయి. ఈ తరగతి మందులకు దారి వేసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ముఖ్యులు. ఆయన అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలోనే ఎమినోప్టెరిన్ తయారైంది. అయితే క్యాన్సర్ కణం ఊరుకోదు. తయారీ దారి మూసుకుపోతే బయటి థైమిడిన్‌ను తెచ్చుకుని బతుకుతుంది. ఆ రెండో దారిని కూడా మూస్తే మందు బలపడుతుందన్న ఆలోచనతో రవాణా నిరోధకాలను ఈ మందులతో కలిపి పరీక్షించారు. గాజు పాత్రల్లో కనిపించిన ఫలితం రోగుల్లో నిలబడలేదు.

రెండో వైపు దీనికి పూర్తిగా ఎదురు. సైటరబీన్, జెమ్‌సిటబీన్, ఫ్లుడరబీన్ వంటి మందులు తామే న్యూక్లియోసైడ్ వేషంలో ఉంటాయి కాబట్టి అవి కణంలోకి వెళ్లే ముఖ్య ద్వారం ఈఎన్‌టీ1. ద్వారం లేని కణానికి మందు అందదు. 1982లో ల్యుకేమియా రోగుల కణాల మీద ఎన్‌బీఎంపీఆర్ అంటుకునే చోట్లను లెక్కించి, చోట్లు ఎక్కువున్న కణాల్లోకి సైటరబీన్ వేగంగా వెళ్తుందని చూపారు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌లో కూడా కణితిలో ఈఎన్‌టీ1 ఎక్కువున్న రోగులకు జెమ్‌సిటబీన్ మెరుగ్గా పనిచేసిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అన్నీ ఏకీభవించలేదు. చికిత్స ఎంపికకు ఇదొక్కటే ఆధారం చేసుకోవడం తొందరపాటే అవుతుంది.

పరాన్నజీవుల మీద

పరాన్నజీవులు చాలావరకు ప్యూరిన్లను సొంతంగా తయారు చేసుకోలేవు, ఆతిథ్యమిచ్చిన శరీరం నుంచి లాక్కోవలసిందే. మలేరియా క్రిమి ప్లాస్మోడియం ఫాల్సిపారం కూడా అంతే. దాని సొంత రవాణా ప్రోటీన్‌ను ఎన్‌బీఎంపీఆర్ ఆపలేదు. ఇలాంటి లోపాన్నే ఉపాయంగా మార్చుకున్న ప్రయోగాలున్నాయి. ట్యూబర్‌సిడిన్ అనే విష న్యూక్లియోసైడ్‌ను, నీటిలో బాగా కరిగే ఎన్‌బీఎంపీఆర్ ఫాస్ఫేట్‌ను కలిపి, షిస్టోసోమా పురుగు సోకిన ఎలుకలకు ఇచ్చారు. ఎలుక కణాల తలుపులు మూసుకున్నాయి, పురుగు తలుపులు తెరిచే ఉన్నాయి. విషం పురుగుకే పోయింది.

టాక్సోప్లాస్మా కథ ఇంకా వింతైనది. ఆ క్రిమిలోని ఎడినోసిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఎన్‌బీఎంపీఆర్‌నే న్యూక్లియోసైడ్ అనుకుని ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అలా తయారైన పదార్థం క్రిమిని చంపుతుంది. మనిషి ఎంజైమ్ ఈ పొరపాటు చేయదు. రవాణా నిరోధకంగా పేరు పడ్డ అణువు ఇక్కడ నేరుగా విషంగా పనిచేస్తోంది.

ఈఎన్‌టీ1 లేని మనుషులు

పుట్టుకతోనే ఈఎన్‌టీ1 లేకపోతే మనిషి బతుకుతాడా అన్న ప్రశ్నకు జవాబు రక్తనిధుల వైపు నుంచి వచ్చింది. అగస్టీన్ అనే రక్త వర్గం ఈఎన్‌టీ1 మీదే ఉంటుందని 2015లో తేలింది. ఆ ప్రోటీన్ పూర్తిగా లేని ముగ్గురు తోబుట్టువులు కూడా అదే అధ్యయనంలో బయటపడ్డారు. వారు బతికే ఉన్నారు గానీ ఎముకల్లో కాక చేతులు, కాళ్ల కీళ్ల పక్కన కాల్షియం పేరుకుంది. ఎడినోసిన్ ఎక్కడ ఉండాలో అక్కడ లేకపోతే ఎముక, కీలు కూడా దెబ్బతింటాయన్నమాట.

వాడుక

ఎన్‌బీఎంపీఆర్ లేత రంగు పొడిగా దొరుకుతుంది. నీటిలో సరిగా కరగదు. డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో గాఢ ద్రావణం చేసి డీప్ ఫ్రీజర్‌లో దాచి, వాడేటప్పుడు పలచన చేస్తారు. ప్రయోగాల్లో జరిగే పొరపాటు ఎక్కువగా మోతాదులోనే. 100 నానోమోలార్ దగ్గర ఈఎన్‌టీ1 మాత్రమే ఆగుతుంది. 10 మైక్రోమోలార్ వేస్తే ఈఎన్‌టీ2 కూడా ఆగుతుంది. ఎక్కువ మోతాదుతో వచ్చిన ఫలితాన్ని ఈఎన్‌టీ1 ఖాతాలో రాయడం చెల్లదు. సీసా మీది చీటీలో పరిశోధనకు మాత్రమేనని, మనుషులకు వాడరాదని ఉంటుంది.