పోయిన సినిమా

ఫిలింనగర్‌లో ఎవరైనా "ఆ సినిమా పోయింది" అంటే వినేవాడికి ఒకటే అర్థం. డబ్బులు రాలేదు, బయ్యర్లు మునిగారు, హీరో మార్కెట్ కాస్త దిగింది. అదే మాట పాత ఫిల్ములు భద్రపరిచే చోట అన్నారనుకోండి, నెగెటివ్ లేదు, ప్రింటు లేదు, ఎక్కడా ఒక్క రీలైనా మిగల్లేదని అర్థం. మొదటి రకంగా పోయిన సినిమా ఇవాళ్టికీ ఏదో ఒక ఛానెల్లో వస్తూనే ఉంటుంది. రెండో రకంగా పోయినదాన్ని ఎవరూ చూడలేరు, అది వంద రోజులు ఆడినదే కానివ్వండి.

దొరకని కావ్యాలను సాహిత్య చరిత్రకారులు 'అలభ్యం' అంటారు. ఆ మాటని సినిమాకీ వాడొచ్చు, తప్పేం లేదు. కానీ అలభ్యం అనగానే జాబితాలో ఒక గడి ఖాళీగా కనిపిస్తుంది, అంతే. 'పోయిన' అన్నామంటే ఇల్లూ మనుషులూ వచ్చేస్తారు.

పోవు చాలా పాత ధాతువు. తమిళంలో పో, మలయాళంలో పోవుక, కన్నడంలో పకారం హకారమై హోగు. కదలడం దాని మొదటి పని. కదిలినది కళ్ళముందు ఉండదు కాబట్టి లేకుండా పోవడమూ అందులోకే వచ్చి చేరింది, అక్కణ్ణుంచి చావుకి ఎంతో దూరం లేదు. తమిళులూ కన్నడిగులూ కూడా కాలం చేసినవాళ్ళని పోయారనే అంటారు. మన కోస్తా జిల్లాల్లో ఈ చివరి అర్థం ఎంత పైకి తేలిందంటే, బతికున్న మనుషుల ప్రయాణాలకి 'వెళ్ళు' వచ్చి కూర్చుంది. గడప దాటుతూ "పోతాను" అన్నవాణ్ణి ఇంట్లో పెద్దవాళ్ళు కసురుతారు, "వెళ్ళొస్తాను" అనిపిస్తారు. తెలంగాణలో, రాయలసీమలో ఆ పట్టింపు లేదు. ఊరికి పోవడమంటే ఊరికి పోవడమే. నన్నడిగితే వాళ్ళే మాటని నిబ్బరంగా వాడుకుంటున్నారు.

కరెంటు పోతుంది, పరువు పోతుంది, ప్రాణం పోతుంది. పోయిన వారం ఉంది, రాకపోకలున్నాయి, పోకడలున్నాయి. చెడ్డరోజులు దాపురిస్తే దానికి పోగాలమని పేరు. వాదన తెగనప్పుడు "పోనీ" అంటాం. ఇన్ని చోట్ల తిరిగే క్రియ ఇంకోటి చెప్పమంటే నాకు వెంటనే తట్టదు.

నేనీ మాట వెనకాల పడటానికి ఒక నవల కారణం. టొరంటో రచయిత్రి జెమ్మా ఫైల్స్ రాసిన హారర్ నవల 'ఎక్స్‌పెరిమెంటల్ ఫిల్మ్' 2015లో వచ్చింది, ఆ ఏటి నవలలకిచ్చే షర్లీ జాక్సన్ అవార్డు అందుకుంది. ఫైల్స్ తనూ సినిమా విమర్శకురాలే, ఫిల్మ్ స్కూల్లో పాఠాలు చెప్పినావిడే. కథ చెప్పే లోయిస్ కూడా అలాంటిదే. పాఠాలు చెప్పే ఉద్యోగం పోయి, చిన్నాచితకా సమీక్షలు రాస్తూ ఉంటుంది. ఒక ప్రయోగాత్మక చిత్రం చూడ్డానికి వెళ్తే అందులో అతికించిన ముక్కలు కొన్ని ఆ దర్శకుడు తీసినవి కావనిపిస్తుంది, ఎప్పటివో నైట్రేట్ ఫిల్మువి. తీగ లాగితే ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లో అంటారియోలో ఉండిన విట్‌కాంబ్ అనే శ్రీమంతురాలు బయటపడుతుంది. కెనడాలో మొట్టమొదట సినిమా తీసిన స్త్రీ ఆమేనేమో అని లోయిస్‌కి ఆశ. ఆ విట్‌కాంబ్ కొడుకు చిన్నప్పుడే కనిపించకుండా పోయాడు. తర్వాత ఆమె కూడా నడుస్తున్న రైలుపెట్టెలోంచి మాయమైపోయింది. అన్వేషణ సాగుతున్న కొద్దీ లోయిస్‌కి మూర్ఛలు వస్తాయి, కొంతకాలం కంటిచూపు కూడా పోతుంది.

నవల సారాంశం చెప్పబోతే ప్రతి వాక్యం చివరా అదే క్రియ వచ్చి నిలబడుతోంది. ఉద్యోగం, కొడుకు, తల్లి, ఫిల్ము, చూపు. ఒక్క కొడుకు దగ్గర మాత్రం తెలుగు తడబడుతుంది. పిల్లల్ని "పోయాడు" అనడానికి నోరు రాదు, ఆ మాటకి అర్థం ఒకటే అవుతుంది కాబట్టి. "తప్పిపోయాడు" అంటాం. దారి తప్పడంలోని తప్పూ, మనం చేసే తప్పూ ఒకే ధాతువు. కాబట్టి పిల్లాడు తప్పిపోయిన ఇంట్లో ఆ మాట అన్నప్పుడల్లా తప్పు ఎవరిదన్న ప్రశ్న తనంతట తనే లేచి నిలబడుతుంది. లోయిస్ కొడుకు క్లార్క్ ఆటిజం ఉన్న పిల్లాడు. కార్టూన్లలోవీ ప్రకటనల్లోవీ ముక్కలు ఏరుకుని వాటితోనే మాట్లాడతాడు. వాడు ఎక్కడికీ తప్పిపోలేదు, ఇంట్లోనే ఉన్నాడు. అయినా ఆ తల్లి రోజూ తప్పు లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది.

చదివినవాళ్ళు ఈ లోయిస్ దగ్గరే రెండుగా విడిపోతారు. ఒక వర్గానికి ఆమె బొత్తిగా నచ్చదు. చిరాకు మనిషి, తన గొడవే తనది, కన్నకొడుకు మీద విసుక్కున్నానని దాచకుండా చెప్పేస్తుంది. అలాంటి ఆడమనిషితో నవలంతా నడవడం కష్టమంటారు. ఇంకో వర్గానికి సరిగ్గా అదే ప్రాణం. నేను రెండో వర్గం. తల్లి అంటే కరిగి నీరైపోవాలని మన కథలూ చాలాకాలం పట్టుబట్టాయి, ఈవిడ కరగదు, ఉంటుంది. పుస్తకం సగం దాకా కథ ముందుకి పోదన్నది ఇంకో ఫిర్యాదు. కెనడా సినిమా చరిత్ర, గ్రాంటులు, నైట్రేట్ రసాయనం, ఎవరు ఎవరిని ఎక్కడ దెప్పారు, ఇదంతా ఎందుకని. దానికి నా దగ్గర సమాధానం ఉంది, కానీ అది నవల్లో లేదు, ఫిల్ము డబ్బాల్లో ఉంది.

నైట్రేట్ రీలు పాడైపోయే తీరు దగ్గరగా చూస్తే భయం ఎక్కడిదో తెలుస్తుంది. మొదట బొమ్మ వెలిసిపోతుంది, ఫిల్ము పసుపు తిరుగుతుంది. తర్వాత పై పూత జిగురెక్కి చుట్ట చుట్టకీ అంటుకుపోతుంది. ఆపైన బుడగలు లేచి ఘాటైన కంపు కొడుతుంది. చుట్టంతా ముద్ద కట్టి గడ్డకట్టుకుపోతుంది, ఆఖరికి గోధుమరంగు పొడైపోతుంది. ఇంతలో నిప్పంటుకుందా, ఆర్పడం దాదాపు అసాధ్యం. మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది, నీళ్ళలో ముంచినా మండుతుంది. వెలిసిపోవు, అంటుకుపోవు, కాలిపోవు... తెలుగులో ప్రతి దశకీ వెనకాల పోవు తగిలించాం, పని పూర్తయిందనీ ఇక వెనక్కి రాదనీ చెప్పడానికి. నవల్లో విట్‌కాంబ్ కుటుంబం ఉన్న ఇంటి పేరు వినెగర్ హౌస్. వినెగర్ కంపు నిజానికి నైట్రేట్‌ది కాదు, దాని తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము పాడైనప్పటిది. ఫైల్స్‌కి ఈ సంగతి తెలియదనుకోను, తెలిసే పెట్టి ఉంటుంది.

అయితే ఇలా వాటంతటవే పాడైనవి కొన్నే. అమెరికాలో 1912 నుంచి 1929 దాకా వచ్చిన 10,919 మూకీ కథాచిత్రాల్లో విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం డేవిడ్ పియర్స్ చేసిన లెక్క 2013లో వచ్చింది. మిగతావి ఏమయ్యాయి? టాకీలు రాగానే మూకీలకి గిరాకీ పోయింది. పెట్టుకోవడానికి చోటు దండగ, నిప్పు భయం, పైగా ఫిల్ము పూతలో వెండి. కడిగి వెండి తీసుకుని మిగిలింది పారేశారు. జార్జ్ మెలియే 1923లో తన నెగెటివ్‌లు తనే తగలబెట్టుకున్నాడు. మన తొలి టాకీ 'ఆలం ఆరా' కోసం పూనా ఫిల్మ్ ఆర్కైవ్ నడిపిన పి.కె. నాయర్ వెతుక్కుంటూ వెళ్తే, వెండి కోసం రీళ్ళు ఇచ్చేసిన సంగతి దాన్ని తీసిన ఇరానీ కుటుంబంలోనే తెలిసిందట. తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా చూడ్డానికి లేదు. దాని విడుదల ఎప్పుడన్న తగవు పాత పత్రికల ప్రకటనలు చూసి తేల్చుకోవాల్సి వచ్చింది. సినిమా పోయాక సాక్ష్యానికి మిగిలింది ఆ ప్రకటనే.

ఇక్కడ పోవుని కాస్త నిలదీయాలి. "పర్సు పోయింది" అంటే పర్సే లేచి నడిచి వెళ్ళినట్టుంటుంది, నాకేం సంబంధం లేదు. అదే ఇంట్లో ఇంకొకరు అడిగేటప్పుడు "ఎక్కడ పారేసుకున్నావు?" అంటారు. పారవేయడం, పైగా నీ కోసం నువ్వే. "పోగొట్టుకున్నావా?" అంటే మరీ గట్టి మాట. చెడగొట్టు, పడగొట్టు, ఎగ్గొట్టు, పోగొట్టు అన్నిటిలోనూ ఒక దెబ్బ దాక్కుని ఉంది. కొట్టి పోయేలా చేశావన్నమాట. పోయినవాడు పోయింది అంటాడు, పక్కవాడు పోగొట్టావంటాడు. ఒకే సంఘటనకి రెండు క్రియలు, ఏది వాడాలన్నది మాట్లాడేవాడి పక్షాన్ని బట్టి. ఆ పక్షపాతమే మన భాషకి అందం, నా దృష్టిలో. స్టూడియోలు ఎప్పుడూ "పోయాయి" అనే చెప్తాయి. ఆర్కైవుల్లో పనిచేసేవాళ్ళని అడగండి, "పోగొట్టారు" అంటారు. నవల మొదటి సగంలో ఆ గ్రాంటులూ దెప్పుళ్ళూ చరిత్రా ఎందుకున్నాయంటే, ఎవరు పోగొట్టారన్నది తేలకుండా ఏది తిరిగొచ్చిందో అర్థం కాదు కాబట్టి. ఆ పేజీలు దాటేసినవాళ్ళకి రెండో సగంలో మిగిలేది ఒక మామూలు దయ్యం.

దయ్యం అన్నాను కదా, అది పగటి దయ్యం. జర్మనీ తూర్పున ఉండే వెండ్ జాతివాళ్ళ కథల్లో మిట్టమధ్యాహ్నం పొలంలో పనిచేసేవాళ్ళ ముందుకొచ్చి ప్రశ్నలడిగే అమ్మగారు ఉంది, విట్‌కాంబ్ మళ్ళీ మళ్ళీ తీసినది ఆమె కథే. ఎండలో దయ్యమేమిటని కొందరు పాఠకులకి నవ్వొచ్చింది. మనకి రాదు. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా చింతచెట్టు కిందికి పోవద్దని విని పెరిగినవాళ్ళకి పన్నెండింటి ఎండ కూడా అర్ధరాత్రంత నిర్మానుష్యమేనని తెలుసు.

"భయం వేయలేదు" అన్నవాళ్ళూ చాలామందే. హారర్ అన్నారు కదా, ఎక్కడ అని. వాళ్ళకి నేనిచ్చే సలహా, పోయిన సినిమా తిరిగొచ్చింది అని ఒకసారి తెలుగులో అనుకుని చూడమని. పోయినవాళ్ళు తిరిగి రావడానికి మన ఊళ్ళలో ఒకటే పేరుంది. దీనికి నిజమైన ఉదాహరణ కూడా కెనడాలోనే జరిగింది. యూకాన్‌లోని డాసన్ సిటీ సినిమా పంపిణీ దారిలో కొట్టకొస. అక్కడికి చేరిన ప్రింట్లని వెనక్కి రప్పించుకోవడం దండగనుకున్నారు స్టూడియోలవాళ్ళు. కొన్నిటిని తగలబెట్టారు, కొన్నిటిని నదిలో వేశారు, 1929లో కొన్నిటిని పాత ఈతకొలను గుంతలో వేసి పూడ్చారు. 1978లో అక్కడ తవ్వుతుంటే 533 రీళ్ళు బయటపడ్డాయి. నేల గడ్డకట్టి ఉండటంతో బతికాయి. ఇప్పుడు వాటిని తెర మీద చూస్తే ఫ్రేము అంచుల వెంబడి తెల్లటి మరకలు అలల్లా ఆడుతుంటాయి. నీళ్ళు తగిలిన చోట బొమ్మ చెరిగిపోయింది. పూడ్చినవి లేచొచ్చాయంటే అక్షరాలా అదే.

ఇవి దొరికాయి అంటాం. దొరకు కూడా తమాషా క్రియ. వస్తువు దొరుకుతుంది, అది మన అదృష్టం. దొంగ దొరుకుతాడు, అది వాడి దురదృష్టం. దానికి పోవు తగిలిస్తే ఇక అదృష్టమన్న మాటే ఉండదు. దొరికిపోవడమంటే పట్టుబడటమే. లోయిస్ కథనమంతా ఈ రెండు రూపాల మధ్య నడుస్తుంది. ఫిల్ములు ఆమెకి దొరికాయి, కాస్సేపటికి ఆమే వాటికి దొరికిపోయింది. ఆ మలుపు ఎక్కడ జరిగిందో నవల వేలుపెట్టి చూపించదు. నాకు చెమట పట్టింది అక్కడే. ఆ తర్వాత అమ్మగారు నిజంగానే వచ్చి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాక, అంతవరకూ ఊహలో పెరిగిన ఆకారం తగ్గిపోయింది. ఆఖరి భాగం తేలిపోయిందని గొణిగినవాళ్ళతో ఆ ఒక్క విషయంలో నేనూ ఏకీభవిస్తాను.