గోదావరి పాత వంతెన: వాల్తేరు రైలుదారికి తీరిన లోటు

వాల్తేరు (నేటి విశాఖపట్నం) రైల్వే చరిత్ర అనగానే అందరూ విశాఖ రేవును, మాంగనీసు ఖనిజాన్ని తలచుకుంటారు. నన్నడిగితే ఆ కథలో మొదటి అధ్యాయం రాజమండ్రి దగ్గర, గోదావరి నడిమధ్యన ఉంది.

1893 నాటికి తూర్పు కోస్తా రైలుమార్గం వాల్తేరును తాకింది. బెజవాడ వైపు నుంచి పట్టాలు కొవ్వూరు దాకా వచ్చాయి. నది మాత్రం మిగిలిపోయింది. మద్రాసు నుంచి వచ్చేవాళ్ళు కొవ్వూరులో దిగి, సామాను మోసుకుని, ఏరు దాటి రాజమండ్రిలో మళ్ళీ బండెక్కాలి. శ్రావణ భాద్రపదాల్లో ఆ దాటడం ఎలా ఉండేదో గోదావరి ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

1897 నవంబర్ 11న వంతెన పని మొదలైంది. ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన అనుభవం ఆయనది. గోదావరి అడుగంతా ఇసుక. పైపైన పునాది వేస్తే మొదటి వరదకే కోసుకుపోతుంది. అందుకని బావి పునాదులు దింపారు. నది అడుగున ఇనుప అంచున్న చట్రాన్ని ఆనించి, దానిమీద గుండ్రంగా గోడ కడుతూ, లోపలి ఇసుకను తోడేస్తూ పోతారు. తోడేకొద్దీ బావి తన బరువుతో తానే కిందికి దిగుతుంది. ఒక పక్కకు ఒరిగితే సరిచెయ్యడం మహా కష్టం. గట్టి నేల తగిలాక అడుగు మూసి, పైన రాతి స్తంభం లేపుతారు. ఇదంతా వరద రాకముందే, నీరు తగ్గిన నెలల్లోనే జరగాలి. అలాంటి మూడు వేసవుల్లో స్తంభాలు లేపి, ఒక్కొక్కటీ సుమారు 46 మీటర్ల పొడవున్న 56 ఉక్కు ఖానాలు పరిచారంటే ఆ పనివాళ్ళ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

1900 ఆగస్టు 30న వంతెన తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. మరుసటి రెండేళ్ళలో వాల్తేరుకు దక్షిణాన ఉన్న లైను మద్రాసు రైల్వేకి, ఉత్తరాన ఉన్నది బెంగాల్ నాగపూర్ రైల్వేకి వెళ్ళింది. వాల్తేరు ఆ రెండింటి సరిహద్దు స్టేషనయింది. హౌరా, మద్రాసు మెయిళ్ళు దశాబ్దాల తరబడి ఈ ఒంటి పట్టా మీదుగానే నడిచాయి. 1974లో రోడ్డు కం రైలు వంతెన, తరవాత ఆర్చి వంతెన వచ్చాయి. 1997లో హేవలాక్ వంతెనకు విశ్రాంతినిచ్చారు.

తుక్కు కింద అమ్మేస్తారన్న మాట పుట్టినప్పుడు రాజమండ్రివాసులు ఒప్పుకోలేదు. వాళ్ళ పట్టుదల ఫలించింది. అఖండ గోదావరి పర్యాటక పథకంలో ఈ వంతెనను చేర్చి, 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు.

కేంద్రం ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోనుకు విశాఖే ముఖ్యస్థానం. ఈ వంతెన నమూనానూ, నిర్మాణపు పటాలనూ విశాఖలో ప్రజలకు చూపించే ఏర్పాటు జోను అధికారులు చెయ్యాలి. మీ ఇళ్ళలో తాతలనాటి రైల్వే ఫోటోలు, ఉద్యోగపు కాగితాలు ఉంటే పారెయ్యకండి. వాటిని భద్రపరచి, అలాంటి ప్రదర్శన ఏర్పాటైతే దానికి అందించండి.