నూటికి ఎంత పడుతుంది?

మా కృష్ణా డెల్టాలో వడ్డీని శాతాల్లో చెప్పేది బడిపంతుళ్లూ బ్యాంకువాళ్లూ మాత్రమే. మిగతా ఊరంతటికీ అది రూపాయల్లోనే. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలని చంటిపిల్లాడికి కూడా తెలుసు. రూపాయి వడ్డీ ధర్మవడ్డీ. మూడు దాటితే ఇచ్చినవాడి పేరు కాస్త గొంతు తగ్గించి చెప్పేవాళ్లు.

ఇది నిన్నా మొన్నటి కొలత కాదు. క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయంలో, గణితపాదంలో, తెలియని వడ్డీని రాబట్టే సూత్రం ఒకటుంది. 629లో దానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు ఇచ్చిన ఉదాహరణ ఇదీ: నూరు అప్పిస్తే నెలకు వడ్డీ ఎంతో తెలీదు, ఆ వచ్చిన వడ్డీని మళ్లీ అదే ధరకు నాలుగు నెలలు తిప్పితే, వడ్డీ, దాని మీద వడ్డీ కలిసి ఆరు అయింది. నెల వడ్డీ ఎంత? జవాబు అయిదు. అయిదు మీద నాలుగు నెలలకు పడేది ఒకటి, వెరసి ఆరు. నూటికి అయిదు రూపాయల వడ్డీ! మా ఊళ్లో అయితే అంత వడ్డీకి ఇచ్చేవాడి గుమ్మం తొక్కేవాళ్లు కాదు. అడిగిన తీరు మాత్రం అచ్చంగా మాదే: నూటికి, నెలకు.

1988 ఏప్రిల్ 1న కిసాన్ వికాస్ పత్రాలు వచ్చేనాటికి నేను డెల్టాలో ఒక సబ్ పోస్టాఫీసులో కౌంటర్ క్లర్కుని. ప్రచారమంతా ఒక్క ముక్క మీదే నడిచింది: అయిదున్నరేళ్లలో మీ సొమ్ము రెట్టింపు. శాతం ఊసు ఎవరూ ఎత్తలేదు, ఎత్తనక్కర్లేదు కూడా. ‘రెట్టింపు’ అన్న మాటకున్న బలం ఏ అంకెకూ లేదు. దాళ్వా ధాన్యం అమ్ముకున్న రైతులు పంచె మడతలోంచి నోట్లు తీసి పది వేలకు పత్రాలు రాయించుకున్నారు. రాయించుకుంటూ అందరూ అడిగింది ఒకటే ప్రశ్న.

“నూటికి ఎంత పడుతుందండీ?”

నేను అక్కడికక్కడే లెక్క కట్టేశాను. అయిదున్నరేళ్లంటే 66 నెలలు. నూటికి వచ్చేది నూరు. నూరుని అరవై ఆరుతో భాగిస్తే రూపాయి యాభై ఒకటి. “రూపాయిన్నర పైనేనండీ” అని చెప్పాను. ఒకరికి కాదు, వారం రోజుల పాటు వచ్చినవాళ్లందరికీ.

ఆ రూపాయిన్నరని పడగొట్టింది ఒక రైసుమిల్లు గుమాస్తా. డెబ్బై దాటిన మనిషి, కళ్లజోడుకి ఒకవైపు దారం. నా మాట విని, “నెలనెలా ఆ రూపాయిన్నరా చేతికిస్తారా నాయనా?” అన్నాడు. ఇవ్వరండీ, చివర్లో ఒక్కసారే అన్నాను. “మరి బారువడ్డీ లెక్క చెబుతావేం? నా దగ్గర నెలనెలా వచ్చే వడ్డీని నేను మళ్లీ తిప్పుకుంటాను. ఇక్కడ అది మీ దగ్గరే పడుంటుంది. చక్రవడ్డీ మీద తీసి చెప్పు.”

ఆ రాత్రి మా తమ్ముడి క్లార్క్ టేబుల్స్ తెచ్చుకుని కూర్చున్నాను. రెండుకి లాగరిథమ్ 0.3010. దాన్ని అయిదున్నరతో భాగిస్తే 0.0547. యాంటీలాగ్ చూస్తే 1.134. అంటే ఏడాదికి 13.4 శాతం. నెలకు దించితే నూటికి రూపాయి అయిదు పైసలు, ఒకటీ అరా పైస అటూఇటూ. రూపాయిన్నర ఎక్కడ, రూపాయి అయిదు పైసలు ఎక్కడ! పత్రం మంచిదే, ధర్మవడ్డీ కంటే ఇంకా అయిదు పైసలు ఎక్కువే. నేను చెప్పిన మాటే అబద్ధం.

మర్నాడు గుమాస్తాకి చెబితే టేబుల్స్ సంగతి ఆయనకు పట్టలేదు. “డెబ్బై రెండుని ఏళ్లతో భాగించు, సరిపోతుంది” అన్నాడు. 72ని 5.5తో భాగిస్తే 13.1, దాదాపు అదే. ఈ డెబ్బై రెండు సూత్రం 1494లో ఇటలీ గణితజ్ఞుడు లూకా పాచోలీ పుస్తకంలో ఉందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. మిల్లు గద్దె మీదికి ఏ దారిన వచ్చిందో మరి.

నాది తెలియక చేసిన తప్పు. తెలిసి చేసినవాళ్లనీ చూశాను. పది శాతం డిపాజిట్‌కి మూడు నెలలకోసారి వడ్డీ కలిపితే ఏడాదికి నిజంగా పడేది 10.38. అదే డిపాజిట్‌ని పదేళ్లు ఉంచితే పది వేలు 26,851 అవుతాయి. లాభం 16,851ని పదితో భాగించి, రాబడి 16.85 శాతమని పెద్ద అక్షరాల్లో వేసేవాళ్లు. నేను కౌంటర్లో చేసిన భాగహారమే, రంగుల కాగితం మీద.

ధరల మాట వేరే ఉంది. 1991లో దేశంలో ధరలు 13 శాతం పైనే పెరిగాయి. ఆ ఏడాది వరకూ చూస్తే మా రూపాయి అయిదు పైసలు ధరల వెనక పరుగెత్తడానికే సరిపోయాయి.

తర్వాత రెట్టింపు గడువు సాగుతూ పోయింది. శ్యామలా గోపీనాథ్ కమిటీ సిఫారసు మీద 2011లో పత్రాలు ఆపేశారు. ఎవరి డబ్బో అడగకుండా అమ్మిన కాగితం నల్లడబ్బుకి దారి అవుతుందని భయం. 2014 నవంబరులో మళ్లీ తెచ్చారు, వంద నెలలకు రెట్టింపు, అంటే 8.7 శాతం. 2023 నుంచి 115 నెలలు, ఏడున్నర శాతం. మా లెక్కలో నూటికి అరవై పైసలు.

మొన్న నా పాస్‌బుక్ పనిమీద వెళితే, నా ముందున్న పెద్దావిడ గాజు అద్దం అవతలి కుర్రాణ్ణి అడుగుతోంది. “నూటికి ఎంత పడుతుంది బాబూ?”

“ఏడున్నరండీ” అన్నాడు.

ఆవిడ తెల్లబోయింది. “నెలకా?”