దేవుడు: వెలిగే ఆకాశం

తెల్లారగట్ల తూర్పు ఎరుపెక్కుతుంటే చేతులు జోడించేవాళ్లు మన ఊళ్లల్లో ఇప్పటికీ ఉన్నారు. ‘దేవుడు’ అన్న మాట పుట్టిందీ అక్కడే.

సంస్కృతంలో ‘దివ్’ అంటే వెలుగు, ఆకాశం. దివి, దివ్యం, దివసం, దేవ అన్నీ ఆ కొమ్మ చిగుళ్లే. ఋగ్వేదం ఆకాశాన్ని ‘ద్యౌః’ అంది, తండ్రిని చేసి ‘ద్యౌష్పితా’ అని పిలిచింది. పక్కనే తల్లి పృథివి. గ్రీకుల ‘జ్యూస్ పాటెర్’, రోమన్ల ‘జూపిటర్’ కూడా ఆ ఆకాశతండ్రే. రోమన్లు ఆరుబయట ఉండటాన్ని ‘జూపిటర్ కింద’ ఉండటమనేవారు. అంటే వాళ్లకు దేవుడి పేరు, నెత్తిమీది ఆకాశం పేరు ఒకటే!

లాటిన్ ‘దేఉస్’, లిథువేనియన్ ‘దియెవాస్’ మన ‘దేవ’కు చుట్టాలు. గ్రీకు ‘థెయోస్’ మాత్రం, చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఈ ఇంటిది కాదు. ఇరాన్‌లో ఇదే మాటకు తలరాత తిరగబడింది: అక్కడి పాత మతగ్రంథం అవెస్తాలో ‘దఏవ’ అంటే చెడ్డ శక్తి. మంగళవారాన్ని ‘ట్యూజ్‌డే’ అన్నప్పుడు పలికేది ‘తీవ్’ అనే పాత జర్మానిక్ దేవుడి పేరు. అదీ ఈ వేరుదే.

మరి అచ్చతెలుగు ‘వేలుపు’? దాని పక్కన ‘వేల్చు’ ఉంది. అంటే హోమం చేయడం. ఒక మాట పైనున్న వెలుగును చూసింది, రెండోది ఎదుటి నిప్పును. రెంటికీ మనం పెట్టే దండం ఒకటే.