ఆడవాళ్లు రాసిన నాటకాలు ఎక్కడున్నాయి అన్నవారికి



పోయిన ఆదివారం మీటింగులో మన అక్కచెల్లెళ్లు కొందరు ఒక కోరిక చెప్పారు. ఈసారి మూడు సాయంత్రాలు ఆడవాళ్లు రాసిన నాటకాలే వేయాలని. ఒక పెద్దాయన నవ్వి, "ఉంటే గదా వేసేది" అన్నారు. ఇంకో నలుగురు నవ్వారు. విషయం అక్కడితో పోయింది, తర్వాత అరగంట మైకు సెట్టు కిరాయి గురించి మాట్లాడాము. ఆ మాటకు జవాబు ఉంది. కొంచెం పొడుగు జవాబు, ఛాయ్ పెట్టుకొని చదవండి.

ముందు ఒక సంగతి. నూరేళ్ల కింద స్టేజీ మీద ఆడవేషం కూడా మగవాళ్లదే. మరాఠీలో బాలగంధర్వ, తెలుగులో స్థానం నరసింహారావు. బాలగంధర్వ చీర ఎట్లా కడితే పుణె, ముంబై ఇళ్లలో ఆడవాళ్లు అట్లా కట్టేవారని ఈ ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ చెప్తారు. చీరలు నేసే కులంలో పుట్టినవాళ్లం, ఇది విని మనకు నవ్వు రావాలి. ఆడది ఎట్లా నడవాలి, ఎట్లా ఏడవాలి అన్నది మగవాడు నేర్పించిన కాలం అది. సురభి వాళ్లు మాత్రం వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టి, ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఆడడం వేరు, రాయడం వేరు.

రాసినవాళ్లలో మనకు దగ్గర హీరాబాయి పెడ్నేకర్. సావంతవాడి వైపు కళావంతుల ఇంట్లో పుట్టింది, ముంబై గిర్గావ్‌లో ఉండేది. సంగీతం తెలుసు, సంస్కృతం తెలుసు, పెద్ద పెద్ద నాటకకర్తలు ఆమె ఇంటికి వచ్చి మాట్లాడేవారు. 1912లో ఆమె రాసిన సంగీత్ దామిని నాటకాన్ని కేశవరావు భోసలే గారి లలితకళాదర్శ్ కంపెనీ ఆడింది. పేరున్న కంపెనీ, టికెట్ కొని చూసే జనం. అంటే అప్పుడే ఒక ఆడమనిషి మాట వృత్తి రంగస్థలం మీద పలికింది. తర్వాత ఆమె ఆ లోకం నుంచి తప్పుకొని కొంకణ్‌లో పాల్‌శేత్ అనే చిన్న ఊరికి వెళ్లి, 1951లో అక్కడే పోయింది. ఆమె జీవితం మీద తర్వాత వసంత్ కానేట్కర్ నాటకం రాశారు, కస్తూరీమృగ్ అని. ఆమె మీద వచ్చిన నాటకం పేరు చాలామందికి తెలుసు, ఆమె రాసిన నాటకం పేరు తెలియదు. ఇది నాకు బాధగా ఉంటుంది.

గిరిజాబాయి కేళ్కర్ కథ ఇంకా బాగుంటుంది. 1907లో ఖాడిల్కర్ గారు బాయకాంచే బండ్, అంటే ఆడవాళ్ల తిరుగుబాటు, అనే నాటకం రాశారు. మన ప్రమీలార్జునీయం కథే. స్త్రీరాజ్యం, అర్జునుడు వస్తాడు, చివరికి రాణి లొంగుతుంది. కొన్నేళ్లకు గిరిజాబాయి జవాబు రాసింది. దాని పేరు పురుషాంచే బండ్, మగవాళ్ల తిరుగుబాటు! జలగావ్‌లో సంసారం చేసుకుంటూ, అక్కడే భగినీ మండల్ పెట్టి ఆడవాళ్లను కూడగట్టిన మనిషి ఆమె. 1928లో మరాఠీ నాట్య సమ్మేళనానికి అధ్యక్షురాలు కూడా అయింది. నవ్వినవారికి నాటకంతోనే జవాబు చెప్పడం అప్పుడే జరిగింది. నేను ఫేస్‌బుక్‌లో చెప్తున్నాను, అంతే తేడా.

ఇప్పుడు నేను చదువుకున్న వైపు సంగతి. మీకు తెలుసు, మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, డ్యూటీలో హిందీ, మరాఠీ. తెలుగు అక్షరాలు నాకు పెళ్లయ్యాక వచ్చాయి. అందుకే తమిళ పుస్తకాల్లో చదివినవి ముందు గుర్తొస్తాయి.

కుంభకోణంలో బాలామణి అమ్మాళ్ అని ఒక నటి ఉండేది. కంపెనీ ఆమెదే, అందులో అందరూ ఆడవాళ్లే, మగవేషాలు కూడా వాళ్లే వేసేవారు. ఆమె నాటకానికి జనం ఎంత వచ్చేవారంటే రైల్వే వాళ్లు ప్రత్యేకంగా బండి నడిపేవారట, దానికి బాలామణి స్పెషల్ అని పేరు. నా సర్వీసులో ఆషాఢ ఏకాదశికి పండర్‌పూర్ స్పెషళ్లు చూశాను, ఎలక్షన్ స్పెషళ్లు చూశాను. నాటకం కోసం స్పెషల్ ఒక్కటి కూడా చూడలేదు.

అసలు చెప్పాలనుకున్నది వై.ము. కోదైనాయకి అమ్మాళ్ గురించి. 1901లో పుట్టింది, ఆరేళ్లు నిండకుండానే పెళ్లి, బడి ముఖం చూడలేదు. ఇరుగుపొరుగు పిల్లలకు కథలు చెప్పేది. మొదటి రచన నాటకం, ఇందిర మోహన, 1924లో అచ్చయింది. అది ఆమె చేత్తో రాసింది కాదు. రాయడం సరిగ్గా రాదు గనుక ఆమె నోటితో చెప్తుంటే స్నేహితురాలు పట్టమ్మాళ్ కూర్చొని రాసింది. ఆ తర్వాత అక్షరాలు పట్టుకొని, జగన్మోహిని అనే పత్రిక తీసుకొని నడిపి, నూరుకు పైగా నవలలు రాసింది. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు కూడా వెళ్లింది.

"మన ఆడవాళ్లకు రాయడం ఎక్కడ వచ్చు" అని మీటింగులో వెనక నుంచి ఒకరు అన్నారు. వారు ఆ పట్టమ్మాళ్‌ను గుర్తు పెట్టుకోవాలి. చెప్పేవాళ్లు మన దగ్గర ఉన్నారు, కూర్చొని రాసేవాళ్లు లేరు.

ఇక నిన్నమొన్నటి సంగతి. 1983లో ముంబైలో జ్యోతి మ్హాప్సేకర్ గారు ముల్గీ ఝాలీ హో రాశారు. ఆడపిల్ల పుట్టింది అని అర్థం. ఆమె ఉద్యోగం లైబ్రేరియన్. ఆడినవాళ్లు కూడా స్త్రీ ముక్తి సంఘటనలో ఉన్న మామూలు ఆడవాళ్లే, ఉద్యోగాలు, ఇళ్లు చూసుకునేవాళ్లు. తెర లేదు, సెట్టింగు లేదు, చౌరస్తాలో, చాల్ మధ్యలో పాటలు పాడుతూ ఆడారు. వేలసార్లు ఆడారు, వేరే భాషల్లోకి కూడా పోయింది. 1989లో సుషమా దేశ్‌పాండే గారు వ్హయ్, మీ సావిత్రీబాయి అని సావిత్రీబాయి ఫులే మీద రాసి, ఒంటరిగా తానే ఆడారు. ఒక్క మనిషి, రెండు గంటలు, ఖర్చు ఎంత? మన కోశాధికారి ఇది గమనించాలి. తెలుగులో ఎం.ఎం. వినోదిని గారి దాహం ఉంది. ఊళ్లో మంచినీళ్ల చుట్టూ కులం ఎట్లా నిలబడుతుందో చూపించే నాటకం. అది మన పేటలో ఆడితే కొందరికి కష్టంగా ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, అందుకే ఆడాలి.

మూడు సాయంత్రాలకు సరిపోయాయా? కానీ నాకు నాలుగో నాటకం కావాలి. అది ఇంకా ఎవరూ రాయలేదు.

1877లో ఈ ఊళ్లో మొదటి మిల్లు వచ్చింది. అప్పటి నుంచి కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి మనవాళ్లు మగ్గం పని వెతుక్కుంటూ దిగుతూనే ఉన్నారు. సంఘం పుస్తకాల్లో ఆ చరిత్ర అంతా ఉంది. ఎవరు కార్ఖానా పెట్టారు, ఎవరు గుడి కట్టించారు, చద్దరుకు పేరు ఎట్లా వచ్చింది. అన్నీ మగవాళ్ల పేర్లు. మిల్లులు మూతపడ్డాక, సాంచాలు ఆగిపోయిన నెలల్లో ఇల్లు నడిచింది దేనితో? సాఖర్ పేట, భద్రావతి పేటలో ఏ గడప చూసినా తెలుస్తుంది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. 2006లో కుంభారీ దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరుతో 10,000 ఇళ్ల కాలనీ వచ్చింది అంటే అది బీడీ చుట్టే ఆడవాళ్లు ఏళ్ల తరబడి మోర్చాలు తీస్తే వచ్చింది. దాని మీద పేపర్లో వార్తలు ఉన్నాయి, నాటకం లేదు. ఆ మోర్చాలకు పోయిన వదినలు, అత్తలు ఇప్పుడు డెబ్బై దాటారు. నూలు పున్నమి రోజు మార్కండేయుడి రథం పోతుంటే అరుగు మీద కూర్చొని వాళ్లు చెప్పే మాటలు వినండి. సగం తెలంగాణ తెలుగు, సగం మరాఠీ, మధ్యలో తిట్లు. ఆ భాష మనవరాళ్లకు అర్థమవుతుంది, తిరిగి మాట్లాడడం రావట్లేదు. బతుకమ్మ పాట కూడా ఇప్పుడు స్పీకర్లో వస్తుంది, చుట్టూ తిరిగేవాళ్లు నోరు కదపరు.

అందుకని కమిటీకి నా అడిగింపు ఇది. బుర్లా కాలేజీలో చదివే మన ఆడపిల్లలు పదిమంది, పేటలో బీడీ చుట్టే పెద్దవాళ్లు పదిమంది. మధ్యాహ్నం పని ఆపకుండానే వాళ్లు చెప్తారు, వీళ్లు ఫోనులో రికార్డు చేసి రాస్తారు. తెలుగు లిపి రాని పిల్లలు మరాఠీ లిపిలో రాసినా సరే, నేను కూర్చొని తెలుగులోకి ఎక్కిస్తాను, రిటైరైనవాడికి టైముకు కొదవ లేదు. నాటకం కింద పేర్లు ఇద్దరివీ వేయాలి, చెప్పిన ఆమెది ముందు. హుతాత్మా స్మృతి మందిర్ కిరాయి మనకు భారం అంటే వద్దు, కన్నా చౌక్ దగ్గర రాత్రి ఎనిమిది తర్వాత ఆడుకోవచ్చు. ఎనిమిది లోపల పెడితే ఆడవాళ్లు వంట వదిలి రాలేరు, ఇది కూడా మీటింగులో ఎవరూ అడగలేదు.

పేర్లు ఇవ్వదలచినవారు కింద కామెంటులో రాయండి. రాయడం రానివారు ఇంటికి కబురు చేయండి, వస్తాను.